పదో తరగతి అయిన తరువాత

(పాఠకుల ప్రశ్నలు, డాక్టరు సమాధానాలు)

చిన్న వయసులో గర్భం దాల్చినవారి రక్తహీనత గురించి గత నెల ఈ శీర్షికలో నాలుగు వాక్యాలు రాశాను. వాటిని చదివి విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుంచి మామూలు కంటే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. చాలావరకు పేరు లేనివి, లేదా ‘పేరు వేయవద్దు’ అన్న విన్నపంతో వచ్చినవి. మనుషుల ఆనవాళ్లు తెలియకుండా వివరాలు కొద్దిగా మార్చి, ఏడింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. ఈ ఏడాదే పదో తరగతి పాసైంది. వేసవి సెలవుల్లో ఎవరో అబ్బాయితో ఫోనులో మాట్లాడుతోందని తెలిసి మావారు ఫోను లాగేసుకున్నారు. ఇక కాలేజీ వద్దని చెప్పి, మా ఆడపడుచు కొడుకుతో శ్రావణంలో పెళ్లికి మాట ఇచ్చేశారు. ‘రేపు జరగరానిది జరిగితే తలెత్తుకోలేం, మూడు ముళ్లు పడితే మన బాధ్యత తీరిపోతుంది’ అంటారు. మా అత్తగారేమో తనకు పద్నాలుగో ఏట పెళ్లయిందనీ, పదహారో ఏట పిల్లాడు పుట్టాడనీ, తనకేమీ కాలేదనీ అంటారు. నాకు మనసొప్పడం లేదు. ఎదురు చెప్పడానికి మాటలూ దొరకడం లేదు.
— ఒక తల్లి, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

అమ్మా, మీవారు దేనికి భయపడుతున్నారో ముందు ఆలోచించండి. చదువుకోవలసిన వయసులో కూతురు కడుపుతో కనిపిస్తుందేమోనన్నది ఆయన భయం. ఆ భయంతో ఆయన చేయబోతున్న పని వల్ల జరిగేదీ అదే. ఏడాది తిరిగేసరికి పదిహేడేళ్ల పిల్ల కడుపుతో పుట్టింటికి వస్తుంది, కాకపోతే ఈసారి సీమంతం చేసి గాజులు తొడుగుతారు. మెడలో తాళి ఉన్నదీ లేనిదీ గర్భసంచికి తెలియదు, కటి ఎముకలకు అంతకన్నా తెలియదు.

ఇది ఒక్క మీ ఇంటి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ల వయసున్న అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులై గానీ గర్భిణులై గానీ ఉన్నారు. దేశం మొత్తం మీద ఆ సగటు 6.8 శాతం మాత్రమే. అదే సర్వేలో, 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు మన రాష్ట్రంలో 29.3 శాతం, దేశంలో 23.3 శాతం. నేను ప్రభుత్వాసుపత్రి ప్రసూతి విభాగంలో పనిచేసినన్నాళ్లూ చూసిన పదిహేడేళ్ల గర్భిణుల్లో ఎక్కువమంది పసుపుతాడుతోనే వచ్చారు. పిల్ల దారి తప్పుతుందన్న భయంతో తొందరపడి చేసిన పెళ్లిళ్లే వారిలో చాలామందిని నా దగ్గరకు పంపాయి.

ఇక మీ అత్తగారి మాట. ఆవిడకు డెబ్బై ఏళ్లు ఉంటాయనుకుందాం. ఆడపిల్ల పెళ్లికి కనీస వయసును 1929 నాటి శారదా చట్టం 14 ఏళ్లుగా నిర్ణయించింది. 1949లో దాన్ని 15కు, 1978లో 18కి పెంచారు. అంటే ఆవిడ పెళ్లి ఆ రోజుల్లోనే చట్టానికి విరుద్ధం! ‘నాకేమీ కాలేదు’ అనడం నిజమే కావచ్చు. కాన్పులో పోయిన ఆవిడ ఈడు పిల్లలు వచ్చి తమకేమైందో చెప్పలేరు గనుక, బతికి బట్టకట్టినవారి మాటే మనకు వినపడుతుంది.

వైద్యపరంగా చెప్పవలసింది ఇది. ఆడపిల్ల ఈడేరిన తరువాత కూడా కొన్నేళ్లపాటు కటి ఎముకలు ఎదుగుతూనే ఉంటాయి. ఎత్తు పెరగడం ఆగినంత మాత్రాన బిడ్డ బయటకు వచ్చే దారి పూర్తిగా ఏర్పడినట్టు కాదు. అందువల్ల కాన్పు కష్టమవుతుంది, బిడ్డ అడ్డుపడే ప్రమాదం పెరుగుతుంది. పాతవారు గుర్రపువాతం అనే జబ్బు, అంటే గర్భిణికి రక్తపోటు పెరిగి ఫిట్స్ రావడం, ఇరవై దాటిన వారిలో కంటే ఈ వయసు వారిలో ఎక్కువ. కాన్పు తరువాత గర్భసంచికి చీము పట్టడమూ ఎక్కువే. మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలు రక్తహీనతతో ఉన్నారు. ఇంకా ఎదుగుతున్న పిల్ల ఒంట్లో ఉన్న ఆ కాస్త ఇనుమునూ తల్లీ బిడ్డా పంచుకోవాలి. నెలలు నిండకుండా పుట్టడం, రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టడం వంటివి ఇక్కడి నుంచే మొదలవుతాయి. మేనరికం గురించి కూడా ఒక మాట. రక్తసంబంధంలో పెళ్లి చేస్తే వంశపారంపర్య జబ్బులు బిడ్డలో బయటపడే అవకాశం కొంత పెరుగుతుంది. వయసు తక్కువ కావడానికి అది తోడైతే మీరు రెండు ప్రమాదాలను ఒకే పందిట్లోకి పిలిచినట్టవుతుంది.

మీవారికి ఆరోగ్యం మాట చెవికెక్కకపోతే చట్టం మాట చెప్పండి. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం ఇలాంటి పెళ్లి చేసిన తండ్రికి, జరిపించిన పురోహితుడికి, పూనుకుని నడిపించిన పెద్దలకు రెండేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇక ఎంతో ప్రేమగా అల్లుణ్ని చేసుకుందామనుకుంటున్న మేనల్లుడి పరిస్థితి ఇంకా కష్టం. భార్య వయసు 18 నిండకపోతే ఆమెతో కాపురం చేయడం అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017 అక్టోబరు 11న తీర్పు చెప్పింది, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ ఆ వయసు 18గానే ఉంది. కన్నకొడుకును ఎంత ముప్పులోకి నెడుతున్నారో మీ ఆడపడుచుకు కూడా తెలియజేయండి. నా అనుభవంలో, పిల్ల తల్లి మాటకు లొంగని వాళ్లు పిల్లవాడి తల్లి భయానికి లొంగిన సందర్భాలు ఉన్నాయి.

ఇంట్లో మాట చెల్లకపోతే మీ వార్డు సచివాలయంలోని మహిళా పోలీసును గానీ, అంగన్‌వాడీ సూపర్‌వైజరును గానీ కలవండి. తహసీల్దారుకూ, ఐసీడీఎస్ అధికారులకూ ఈ పెళ్లిళ్లను ఆపే బాధ్యత ఉంది. పిల్లల సహాయ నంబరు 1098కు ఫోను చేస్తే మీ పేరు బయటపెట్టరు. ముందుగా తెలిస్తే మేజిస్ట్రేటు నుంచి పెళ్లిని ఆపే ఉత్తర్వు కూడా తెచ్చుకోవచ్చు. ఈ శ్రావణంలోపు మీరు చేయవలసిన అసలు పని మాత్రం అమ్మాయిని ఇంటర్‌లోనో పాలిటెక్నిక్‌లోనో చేర్చడం. ఇంటర్ చదివే పిల్లకు కూడా ‘తల్లికి వందనం’ పథకం వర్తిస్తుంది, హాజరు 75 శాతం ఉంటే మీ ఖాతాలోనే 13,000 రూపాయలు పడతాయి. కాలేజీ దూరమంటే, 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ సిటీ బస్సుల్లో ఆడపిల్లలకు ప్రయాణం ఉచితం. ఫోను సంగతి మీరు మాట్లాడండి, ఆయన కాదు. ఎవరా అబ్బాయి, ఏం మాట్లాడుకుంటున్నారు, కలిశారా అని కోపం లేకుండా అడగండి. ఈ ఒక్క సంభాషణకు భయపడే చాలా ఇళ్లలో పెళ్లి ముహూర్తాలు పెట్టేస్తున్నారు.

ప్రశ్న: నేను గుంటూరుకు దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. ప్రత్యుత్పత్తి పాఠం కాస్త వివరంగా చెప్పిన మరుసటి వారం ఇద్దరు తల్లిదండ్రులు వచ్చి ‘ఇవన్నీ చెప్పి పిల్లలను పాడుచేస్తున్నారు’ అని గొడవ చేశారు. ‘పటం వేయించి వదిలేయండి’ అని సహోద్యోగులు సలహా ఇస్తున్నారు. చెబితే నిజంగా పిల్లలు చెడిపోతారా? చెప్పేటట్టయితే ఎంతవరకు చెప్పాలి?
— ఒక ఉపాధ్యాయిని, గుంటూరు జిల్లా

టీచరు గారూ, నేను చదువుకున్న రోజుల్లో మా సైన్సు మాస్టారు ‘ఇది పరీక్షకు రాదు’ అని చెప్పి ఆ అధ్యాయాన్ని దాటేశారు. ఆ తరువాత మేమందరం ఆ ఒక్క పాఠాన్నే శ్రద్ధగా చదివాం, కానీ అర్థం చేసుకున్నది మాత్రం సగం తప్పు. మీ సహోద్యోగులు ఇచ్చిన సలహాకు ఫలితం అంతే.

చెబితే చెడిపోతారా అన్న ప్రశ్న మీ ఊళ్లోనే కాదు, చాలా దేశాల్లో తలెత్తింది. అనేక దేశాల్లో జరిగిన పరిశోధనలను పరిశీలించి యునెస్కో 2018లో వెలువరించిన మార్గదర్శకాల్లో, లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడి సంబంధాల్లోకి వెళ్లడం జరగదని స్పష్టంగా చెప్పారు. చక్కగా బోధించిన చోట ఆ తొందర తగ్గింది, గర్భనిరోధకాల వాడకం పెరిగింది. మన దేశంలోనూ 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమాన్ని మొదలుపెట్టారు. అందులో ప్రతి బడి నుంచి ఇద్దరు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి ఎదుగుదల, పోషణ, ప్రత్యుత్పత్తి ఆరోగ్యం, హింస నుంచి రక్షణ వంటివి బోధించాలన్నది ఏర్పాటు. మీ బడిలో ఆ శిక్షణ పొందినవారు ఎవరో కనుక్కుని వారితో కలిసి చెప్పండి. అప్పుడు మీది సొంత పూనికతో చేస్తున్న పని అని ఎవరూ అనలేరు.

ఎంతవరకు చెప్పాలంటే, పటంలో ఉన్నదానికంటే ఎక్కువ చెప్పాలి. అండవాహిక ఎక్కడుందో పదో తరగతి పిల్ల గుర్తిస్తుంది, నెల తప్పితే దానికి గర్భం కారణం కావచ్చన్నది మాత్రం ఆమెకు తోచదు. ఒక్కసారి కలిసినా గర్భం రావచ్చని, ఈడేరిన తొలి నెలల్లో బహిష్టులు సరిగా రాకపోయినా గర్భం రావచ్చని, ఇష్టం లేదన్న మాట ఏ దశలోనైనా చెప్పవచ్చని, బంధువైనా సరే ఒంటి మీద చేయి వేస్తే చెప్పుకోవలసిన చోట్లు ఇవీ అని, 18 లోపు వయసు విషయంలో చట్టం ఏమంటుందో, అన్నీ చెప్పాలి. అబ్బాయిలకు కూడా చెప్పాలి. అమ్మాయిలను మాత్రమే పక్క గదిలోకి తీసుకెళ్లి రహస్యంగా చెప్పి పంపేస్తే, గర్భం అంటే ఆడపిల్ల ఒక్కదాని పూచీ అన్న భావాన్ని మనమే నేర్పినట్టవుతుంది. మొదటి ఒకటి రెండు తరగతులు విడిగా చెప్పి, ఆ తరువాత కలిపి చెప్పండి.

ఒక ఉపాయం చెబుతాను. అట్టపెట్టె ఒకటి తరగతి మూల పెట్టి, పేరు రాయకుండా చీటీల మీద అనుమానాలు రాసి వేయమనండి. నేను ఆరోగ్య శిబిరాలకు వెళ్లినప్పుడు ఇదే చేసేదాన్ని. ముద్దు పెట్టుకుంటే గర్భం వస్తుందా అన్న అమాయకత్వం దగ్గర నుంచి, మామయ్య ఇంట్లో ఎవరూ లేనప్పుడు పిలుస్తున్నాడు ఏం చేయాలి అన్న చీటీ దాకా చదివాను. ఆ రెండో రకం చీటీ ఒక్కటి వచ్చినా మీ పెట్టె సార్థకమైనట్టే. అలాంటిది వస్తే మాత్రం తరగతిలో చదవకుండా, ఆ పిల్ల ఎవరో నెమ్మదిగా తెలుసుకుని అదే రోజు 1098కు, పోలీసులకు తెలియజేయండి. చట్టరీత్యా మీకది విధి కూడా.

తల్లిదండ్రులను పాఠం చెప్పిన తరువాత కాక, చెప్పకముందే పిలవండి. ఏఎన్‌ఎం చేత రక్తహీనత గురించి, వారానికొకసారి బడిలో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర గురించి మాట్లాడించి, ఆ తరువాత మీరు చెప్పబోయే పాఠాన్ని వారికే ముందు చెప్పండి. తల్లులు వింటారు. వెళ్లేటప్పుడు ఒకరిద్దరు ఆగి తమ సందేహాలూ అడుగుతారు.

పాఠం కంటే ముఖ్యమైనది మీ దగ్గర ఇంకొకటి ఉంది, అది హాజరు పట్టీ. తొమ్మిది, పది తరగతుల్లో వారం రోజులు వరుసగా రాని ఆడపిల్ల ఇంటికి వెళ్లే మొదటి మనిషి మీరు కావాలి. జ్వరమో, ఊరో, సంబంధమో అప్పుడే తెలుస్తుంది. పదో తరగతి పరీక్షలు ముగిసిన నాటి నుంచి ఇంటర్ చేరికల దాకా ఉన్న రెండు మూడు నెలల్లో ఆ పిల్ల ఎవరి పట్టీలోనూ ఉండదు. బడికి చెందదు, కాలేజీకి చెందదు. పెళ్లి చూపులు ఎక్కువగా జరిగేది ఆ వేసవిలోనే. మీ పదో తరగతి అమ్మాయిల జాబితా ఒకటి దగ్గర పెట్టుకుని, జూన్‌లో ఎవరెక్కడ చేరారో ఒక్కొక్కరికీ ఫోను చేసి కనుక్కోండి. ఫీజు, వసతి కష్టమైన ఇళ్ల పిల్లలకు కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో హాస్టలుతో సహా ఉచితంగా చదివే వీలుంది. ఈ పని చేయమని మీకు ఎవరూ ఉత్తర్వు ఇవ్వరు, చేస్తే కాదనేవారూ లేరు.

ప్రశ్న: మా అక్క కూతురికి పదిహేడేళ్లు. నెల తప్పి మూడో నెల నడుస్తోందని నిన్ననే తెలిసింది. అబ్బాయి ఎవరో చెబుతోంది. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసులకు చెబుతారని, పేపర్లో పడుతుందని మా అక్క వణికిపోతోంది. ఎవరో మందుల షాపులో మాత్రలు తెచ్చుకోమన్నారు. ఏం చేయాలో దయచేసి త్వరగా చెప్పండి.
— ఒక పిన్ని, వన్‌టౌన్, విజయవాడ

ఈ ఉత్తరం అందిన రోజే మీరిచ్చిన నంబరుకు ఫోను చేసి మాట్లాడాను. మరెవరింట్లోనైనా ఇదే పరిస్థితి ఉండవచ్చునని, మీ అనుమతితో ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ఆ మాత్రలు తేవద్దు. గర్భస్రావం మాత్రలను డాక్టరు పర్యవేక్షణలో 9 వారాల లోపు మాత్రమే వాడాలి. మూడో నెలలో ఇంట్లో మింగితే సగంలో ఆగిపోయి, రక్తం ఆగక, ఒంట్లో విషం చేరి ఆసుపత్రికి వచ్చినవారిని నేను చూశాను. గర్భం సంచిలో కాక అండవాహికలో ఉంటే ఆ మాత్రలు పనిచేయకపోగా, ప్రమాదం బయటపడేసరికి ఆలస్యమవుతుంది. పదిహేడేళ్ల పిల్లకు అప్పటికే రక్తం తక్కువగా ఉండి ఉంటే ఆ రాత్రి గడవడమే కష్టం.

చట్టం మీరనుకున్నంత కఠినంగా లేదు. గర్భస్రావ చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. మైనర్లకు, అత్యాచార బాధితులకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల వరకు అవకాశం ఉంది. 18 నిండలేదు గనుక సంరక్షకుల రాతపూర్వక సమ్మతి కావాలి, మీ అక్క సంతకం సరిపోతుంది. అయితే అమ్మాయి ఇష్టమేమిటో అందరికంటే ముందు అడగాలి, ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. తల్లి సంతకం పెట్టినంత మాత్రాన పిల్ల నోరు మూయించినట్టు కాకూడదు.

పోలీసుల మాట నిజమే. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద, 18 లోపు పిల్ల గర్భవతి అని తెలిసిన డాక్టరు సమాచారం ఇవ్వక తప్పదు. ఆ ఒక్క నిబంధనకు భయపడి ఇళ్లలో, నాటు మంత్రసానుల దగ్గర ప్రాణాలు పోగొట్టుకుంటున్నారన్న సంగతిని సుప్రీంకోర్టు కూడా గుర్తించింది. 2022 సెప్టెంబరు 29న ఇచ్చిన తీర్పులో, మైనరు బాలిక, ఆమె సంరక్షకులు కోరితే డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు చెప్పనవసరం లేదని పేర్కొంది. ఈ విషయం ఆసుపత్రిలో మీరే అడగండి, ఎందుకంటే కొందరు జూనియర్లకు అది గుర్తుండకపోవచ్చు. ఆసుపత్రివారు పేరు బయటపెట్టడం, పత్రికలు ప్రచురించడం రెండూ నేరాలే, కాబట్టి పేపర్లో పడుతుందన్న భయం మానుకోండి. మొదట ప్రభుత్వ సర్వజనాసుపత్రి ప్రసూతి విభాగానికి వెళ్లండి. తోడు మనిషి కావాలనిపిస్తే మహిళల సహాయ నంబరు 181కు ఫోను చేయండి, ‘సఖి’ కేంద్రం నుంచి సలహాదారు, అవసరమైతే న్యాయసహాయం అందుతాయి.

అమ్మాయి బిడ్డను కనాలని గట్టిగా కోరుకుంటే దాని దారి దానికుంది. పట్టణ ఆరోగ్య కేంద్రంలో వెంటనే పేరు నమోదు చేయించాలి, ప్రతి పరీక్షలో రక్తపోటు చూపించాలి, ప్రతి నెల 9న ప్రభుత్వాసుపత్రుల్లో స్పెషలిస్టులు చూసే రోజును తప్పకూడదు, కాన్పు పెద్దాసుపత్రిలోనే జరగాలి. పుట్టిన తరువాత పెంచలేమనుకుంటే బాలల సంక్షేమ సమితికి అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది. ఆ అబ్బాయితో హడావుడిగా పెళ్లి జరిపించడం మాత్రం ఈ రెండు దారుల్లోనూ లేదు.

ప్రశ్న: నాకు 19 ఏళ్లు, పెళ్లయి నాలుగు నెలలైంది. డిగ్రీ పూర్తయ్యేదాకా పిల్లలు వద్దని మా ఆయనా నేనూ అనుకున్నాం. మొదటి కాన్పుకు ముందు మాత్రలు వాడితే ఇక పిల్లలే పుట్టరని మా అత్తయ్య గారు అంటున్నారు. నిజమా?
— నవవధువు, గుంటూరు

నిజం కాదు. రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్రలు ఆపిన కొద్ది నెలల్లోనే మళ్లీ గర్భం వచ్చే వీలుంటుంది. ‘ఛాయ’ మాత్రలో హార్మోన్లు లేవు, మొదటి మూడు నెలలు వారానికి రెండు చొప్పున, ఆ తరువాత వారానికి ఒకటి చాలు. మూడు నెలలకొకసారి వేసే ‘అంతర’ సూది మానేసిన తరువాత గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు, అంతే తప్ప రాకుండా పోదు. ఇవన్నీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. నిరోధ్ అయితే ఆశా కార్యకర్త ఇంటికే తెచ్చి ఇస్తుంది, జబ్బుల నుంచి కాపాడేదీ అదొక్కటే. పొరపాటు జరిగిన 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర మాత్రను నెలనెలా వాడే పద్ధతిగా మార్చుకోవద్దు. ఆరోగ్య కేంద్రానికి మీవారితో కలిసి వెళ్లండి. మీ అత్తయ్య గారిని కూడా తీసుకెళ్లి అక్కడి నర్సుతో మాట్లాడిస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: మాకు గుంటూరు దగ్గర ఆరెకరాల మిరప తోట ఉంది. కోతలకు ఏటా కర్నూలు వైపు నుంచి కూలీలు కుటుంబాలతో వస్తారు. ఈసారి వచ్చిన ఒక కుటుంబంలో పదిహేనేళ్ల పిల్ల ఉంది. ఉగాది తరువాత ఊరెళ్లగానే పెళ్లి చేస్తామని తండ్రి చెప్పాడు. నాకు సంబంధం లేని విషయమా?
— ఒక రైతు

సంబంధం ఉంది. ఆదోని, మంత్రాలయం, ఆలూరు ప్రాంతాల్లో ‘సుగ్గి’ అని పిలిచే ఈ వలసలోనే ఎందరో ఆడపిల్లల చదువు ఆగిపోతోంది. పిల్లను ఊళ్లో ఒంటరిగా వదిలి రావడానికి భయం, తీసుకొస్తే చదువు పోతుంది. రెండేళ్లు అలా కోతలకు తిరిగిన పిల్ల ఇక బడి గడప తొక్కదు. కల్లాల దగ్గర గుడారాల్లో నలుగురి మధ్య ఎదిగిన పిల్లను చూసుకోవడం ఆ తండ్రికి నిజంగానే బరువు. అతణ్ని తిట్టి ప్రయోజనం లేదు. మీరు కూలి లెక్క చూసేటప్పుడు పక్కన కూర్చోబెట్టి, 18 నిండకుండా పెళ్లి చేస్తే ఏమవుతుందో చెప్పండి. మీ మాటకు అక్కడ విలువ ఉంటుంది. ముఠా మేస్త్రితో కూడా చెప్పించండి, ఎందుకంటే అతను ఆ ఊరి మనిషి. పిల్ల ఏ తరగతిలో ఆగిందో కనుక్కుని, వాళ్ల మండలంలోని కస్తూర్బా విద్యాలయంలో చేర్చే మాట ఇప్పుడే ఎత్తండి. కోతలకు వచ్చే కుటుంబాల పిల్లల కోసం ఆ జిల్లాలో సీజనల్ హాస్టళ్లు కూడా నడుస్తాయి. పెళ్లి తేదీ ఖాయమైందని తెలిస్తే 1098కు ఫోను చేసి ఊరు, మండలం చెప్పండి, అక్కడి అధికారులకు సమాచారం చేరుతుంది. మీ పేరు చెప్పనక్కరలేదు.

ప్రశ్న: నాకు 20 ఏళ్లు, బీటెక్ చదువుతున్నాను. నేను ప్రేమిస్తున్న అమ్మాయికి 17. ఇద్దరికీ ఇష్టమైనప్పుడు తప్పేముంది?
— ఒక విద్యార్థి, విజయవాడ

బాబూ, ప్రేమలో తప్పు లేదు. శారీరక సంబంధం దగ్గర మాత్రం 18 లోపు అమ్మాయి ‘సరే’ అన్నా ఆ మాటను చట్టం అంగీకారంగా తీసుకోదు. కేసు పోక్సో కింద నమోదవుతుంది, బెయిలు కోసం నీ తల్లిదండ్రులు తిరగవలసి వస్తుంది. ఇది నీ సంగతి. ఆమె సంగతి చూస్తే, ఆమెకు గర్భం వస్తే నీ సెమిస్టరు పరీక్షలు ఆగవు, ఆమె ఇంటర్ ఆగిపోతుంది. ఒక ఏడాది ఆగమని అడిగితే ఆగలేని ప్రేమ మీద ఆమె మాత్రం ఏ నమ్మకం పెట్టుకోవాలి? గుడిలో దండలు మార్చుకున్నా చట్టం మారదు. అమ్మాయికి 18 అయితే చాలదు, మగవాడికి పెళ్లి వయసు 21.

ప్రశ్న: నాకు పదిహేడో ఏట పెళ్లయింది. బాబుకు ఇప్పుడు ఏడు నెలలు, నాకు 18 దాటింది. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయి. మళ్లీ చదువుకోవాలని ఉంది, కానీ కాలేజీలో పదహారేళ్ల పిల్లల మధ్య కూర్చోవడానికి సిగ్గుగా ఉంది. మా పుట్టింటివారు ‘ఇక ఏం చదువు’ అంటున్నారు.
— ఒక తల్లి, గుంటూరు

చిన్న వయసు గర్భాల గురించి మేము మాట్లాడేటప్పుడు ‘నివారణ’ అన్న మాట దగ్గరే ఆగిపోతాం. నివారించలేకపోయిన పిల్లలు మీలాగా ఇంకా పద్దెనిమిదేళ్ల దగ్గరే ఉన్నారన్న సంగతి మరచిపోతాం. మీరు రాసినందుకు సంతోషం.

రోజూ కాలేజీకి వెళ్లనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా ఓపెన్ ఇంటర్ చదవవచ్చు. పదో తరగతి పాసైతే చాలు, పై వయసుకు పరిమితి లేదు, సెలవు రోజుల్లో దగ్గరలోని అధ్యయన కేంద్రంలో తరగతులు ఉంటాయి, ఆ సర్టిఫికెట్టుతో డిగ్రీలోనూ చేరవచ్చు. బాబు ఆరు నెలలు దాటాడు గనుక పాలతో పాటు మెత్తని అన్నం, పప్పు పెట్టడం మొదలుపెట్టే ఉంటారు. మీరు తరగతికి వెళ్లే కొద్ది గంటలు వాడిని ఎవరు చూస్తారో ముందుగానే మాట్లాడుకోండి. రెండో బిడ్డకు కనీసం మూడేళ్ల ఎడం ఉండేలా ఆరోగ్య కేంద్రంలో కాపర్-టి గురించో, ‘అంతర’ సూది గురించో అడగండి. ఇంటర్ రెండేళ్లలో అది మీకు పుస్తకాలంత అవసరం.

గుంటూరులోనే 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు శారదా నికేతనం స్థాపించి, చదువు ఆగిపోయిన ఆడవారిని మళ్లీ పలక పట్టించారు. మీ ఊళ్లో ఇది కొత్త సంగతి కాదని మీ పుట్టింటివారికి చెప్పండి. ఓపెన్ ఇంటర్ ప్రవేశాల ప్రకటన సాధారణంగా వేసవి తరువాత వస్తుంది. దరఖాస్తుకు ఆధార్, పదో తరగతి మార్కుల జాబితా, ఫోటోలు కావాలి. మార్కుల జాబితా మీ పుట్టింటి బీరువాలో ఉండిపోయి ఉంటే, ఈ ఆదివారమే వెళ్లి తెచ్చుకోండి.